ఛాలెంజ్ కాయిన్లు: సేకరణ, సూచీకరణ

నిర్వచనం, పరిధి

ఛాలెంజ్ కాయిన్ అంటే ఒక సైనిక దళమో, ప్రభుత్వ శాఖో, పౌర సంస్థో తన సభ్యులకూ, తనకు మేలు చేసినవారికీ, అతిథులకూ ఇచ్చే లోహపు బిళ్ళ. పేరులో కాయిన్ అని ఉన్నా ఇది డబ్బు కాదు. దీనికి ముఖవిలువ లేదు, చలామణీ లేదు. నాణకశాస్త్రంలో పతకాలనూ టోకెన్లనూ చేర్చే విభాగంలోనే దీన్నీ చేరుస్తారు. వ్యాసం సాధారణంగా 38 నుంచి 51 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఒకవైపు దళం చిహ్నం, రెండోవైపు నినాదమో, అధికారి హోదాను తెలిపే నక్షత్రాలో, పాల్గొన్న సైనిక చర్య పేరో ఉంటాయి. బంట్రోతు డవాలు బిళ్ళలాగా నలుగురికీ కనబడేట్టు ధరించేది కాదు ఇది. జేబులో ఉంచుకుని, అడిగినప్పుడు బయటికి తీయవలసినది. యూనిఫాం మీద ధరించే పతకానికీ దీనికీ ఉన్న అసలు తేడా ఇచ్చే పద్ధతిలో ఉంది. పతకాన్ని ఉత్తర్వు ప్రకారం ఇస్తారు, అది సైనికుడి సర్వీసు రికార్డుకు ఎక్కుతుంది. ఛాలెంజ్ కాయిన్‌ను అధికారి కరచాలనం చేస్తూ అరచేతిలో పెడతాడు. చాలా సందర్భాల్లో దాని గురించి ఒక్క కాగితం కూడా పుట్టదు.

సేకరించేవారికీ కేటలాగు తయారుచేసేవారికీ చిక్కంతా ఈ కాగితం లేకపోవడం దగ్గరే వస్తుంది. ఒకే అచ్చులో, ఒకే రోజు ముద్రించిన రెండు బిళ్ళల్లో ఒకటి యుద్ధభూమిలో చూపిన తెగువకు సైన్యాధ్యక్షుడి చేతి నుంచి వచ్చి ఉండవచ్చు, రెండోది స్థావరంలోని దుకాణంలో కొన్నది కావచ్చు. తూకం వేసినా, భూతద్దంతో చూసినా ఆ తేడా తెలియదు. కాబట్టి ఛాలెంజ్ కాయిన్ విషయంలో జారీ వివరం, అంటే ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు ఇచ్చారన్నది, వస్తువుకు తోడుగా చెప్పుకునే ముచ్చట కాదు. లోహమూ బొమ్మా ఎంతో అదీ అంతే. ఆ వివరాన్ని, దానికున్న ఆధారం ఎంత గట్టిదో చెబుతూ నమోదు చేసినప్పుడే కేటలాగు చరిత్రకారుడికి పనికివస్తుంది. ఈ వ్యాసంలోని మిగతా విభాగాలు చరిత్ర, తయారీ, వర్గీకరణలను ఈ దృష్టితోనే పరిశీలిస్తాయి.

పుట్టుక గురించిన కథనాలు

అన్నిటికంటే ఎక్కువ ప్రచారంలో ఉన్నది మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కథ. కలిగిన ఇంటి నుంచి వచ్చిన ఒక అమెరికన్ లెఫ్టినెంట్ తన స్క్వాడ్రన్‌లో అందరికీ కంచు బిళ్ళలు చేయించి ఇచ్చాడని, ఒక పైలట్ దాన్ని తోలు సంచిలో పెట్టి మెడలో వేసుకున్నాడని చెబుతారు. విమానం కూలి అతను జర్మన్లకు చిక్కాడు. వాళ్ళు గుర్తింపు పత్రాలన్నీ లాక్కున్నారు గానీ సంచి మిగిలింది. తప్పించుకుని ఫ్రెంచి స్థావరం చేరితే, మామూలు బట్టల్లో ఉన్న అతన్ని శత్రువుల మనిషి అనుకుని కాల్చబోయారు. బిళ్ళ మీది చిహ్నాన్ని ఒక సైనికుడు గుర్తుపట్టడంతో ప్రాణం దక్కింది, పైగా ఒక వైన్ సీసా కూడా చేతికొచ్చింది. కథ ఎంత బాగున్నా అందులో లెఫ్టినెంట్ పేరు లేదు, స్క్వాడ్రన్ సంఖ్య లేదు, తేదీ లేదు. ఆ బిళ్ళ ఇదేనని రుజువుతో చూపే వస్తువూ లేదు. రోమన్ సైనికులకు జీతంతో పాటు ఇచ్చిన ప్రత్యేక నాణేల నుంచి ఈ సంప్రదాయం వచ్చిందనే మాట కూడా ఇలాంటిదే. ఫ్రాన్సులో ప్రొటెస్టెంట్లు ఆరాధనకు వచ్చేవారిని గుర్తించడానికి వాడిన మెరో అనే బిళ్ళలు మాత్రం నిజంగా ఉన్న వస్తువులు, మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే వాటి నుంచి అమెరికన్ సైన్యం దాకా పరంపరగా వచ్చిందని చూపే సాక్ష్యం లేదు. గుర్తింపు కోసం బిళ్ళ వాడటం ఒకచోటి నుంచి మరోచోటికి పాకే అవసరం లేకుండానే పలుచోట్ల పుట్టగల ఆలోచన.

పేరూ స్థలమూ దొరికే కథనం కొరియా యుద్ధంతో మొదలవుతుంది. ఆ యుద్ధంలో 17వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్‌ను నడిపిన కర్నల్ విలియం క్విన్, ఒకవైపు అడవిదున్న, మరోవైపు రెజిమెంట్ చిహ్నం ఉన్న నాణేలు చేయించి తన సైనికులకు ఇచ్చారు. ఆయనకు బఫెలో బిల్ అన్న పేరు స్థిరపడింది, రెజిమెంట్ వారు బఫెలోలయ్యారు. తర్వాతి ఘట్టం 1960లలో ప్రత్యేక దళాలది. 11వ స్పెషల్ ఫోర్సెస్ గ్రూపులోని ఒకరు పాత నాణేల మీద కొత్త చిహ్నం అద్ది తన తోటివారికి పంచారని, 10వ గ్రూపు మాజీ కమాండర్ ఒకరు ఆ ఆలోచనను అందుకుని దళం పేరుతో నాణెం ముద్రింపజేశారని, 1980ల మధ్య వరకు అలాంటి నాణెం ఉన్న దళం అదొక్కటేనని ఎక్కువమంది అంగీకరించే కథనం.

వీటిలో ఆనవాలుగా ఇచ్చే నాణెం ఉంది గానీ సవాలు లేదు. సవాలు వేరే దారిలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ఉన్న అమెరికన్ సైనికులు బార్లలో ఫెనిగ్ పరీక్ష పెట్టేవారు. అక్కడ అప్పట్లో చెల్లిన అతి చిన్న నాణెం ఫెనిగ్. ఎవరైనా పరీక్ష అనగానే జేబులో ఫెనిగ్ లేనివాడు అందరికీ బీరు ఇప్పించాలి. వియత్నాంలో సైనికుల క్లబ్బుల్లో ఇదే అలవాటు తుపాకీ గుండుతో నడిచింది. యుద్ధరంగం చూడనివాళ్ళను దూరం పెట్టడానికి తమ తుపాకీలోని గుండును బల్లమీద పెట్టడం మొదలై, ఒకరిని మించి ఒకరు గ్రెనేడ్లూ పేలని గుళ్ళూ తెచ్చేదాకా పోయింది. వాటి స్థానంలో నాణెం రావడానికి కారణం వెతకనక్కర్లేదు. ఆనవాలు, సవాలు అనే రెండు వేరువేరు అలవాట్లు 1960లలో ప్రత్యేక దళాల నాణెంలో కలిశాయనుకుంటే చేతిలో ఉన్న సాక్ష్యాలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతాయి. మొదటి ప్రపంచ యుద్ధపు కథను పూర్తిగా తోసిపుచ్చవలసిన పని లేదు. ఈ నాణెం ప్రాణం నిలిపే ఆనవాలని సైనికులు తమలో తాము నమ్ముకున్నారనడానికి అది సాక్ష్యం. తేదీ నిర్ణయించడానికి మాత్రం పనికిరాదు.

సవాలు నియమాలు

నియమాలు దళాన్ని బట్టి మారినా ముఖ్యాంశం ఒక్కటే. ఒకరు నాణెం తీసి బల్లమీద చప్పుడయ్యేలా పెడితే ఉన్నవారంతా తమ నాణేలు చూపాలి. చూపలేనివారు అందరికీ పానీయం ఇప్పించాలి. అందరూ చూపితే ఆ ఖర్చు సవాలు చేసినవాడిదే. పొరపాటున నాణెం కింద పడినా కొన్నిచోట్ల సవాలుగానే లెక్కిస్తారు. కొన్ని దళాల్లో అందరికంటే పెద్ద హోదా అధికారి ఇచ్చిన నాణెం ఉన్నవాడిదే పైచేయి. నాణేనికి రంధ్రం చేసి గొలుసుకు తగిలిస్తే అది సవాలుకు చెల్లదనే నియమం సేకరణకర్తకు ముఖ్యం, ఎందుకంటే రంధ్రం చేసిన నాణేలు ఎందుకు తక్కువగా దొరుకుతాయో అది చెబుతుంది.

జారీ చేసేవారు, రకాలు

నాణెం ఇచ్చేవారిని బట్టి వర్గీకరించడం అన్ని పద్ధతుల్లోకీ నిలకడైనది. అట్టడుగున కంపెనీ, బెటాలియన్, స్క్వాడ్రన్, ఓడ వంటి దళాల నాణేలుంటాయి. వాటి పైన కమాండర్లూ, వారితో పాటు సీనియర్ సార్జెంట్లూ తమ హోదాతో ఇచ్చేవి. ఆపైన సైన్యాధ్యక్షులు, మంత్రులు, ఉపాధ్యక్షుడు, అధ్యక్షుడు. వీటి పక్కనే సైనిక చర్యలు, ఉమ్మడి విన్యాసాలు, శిక్షణ పూర్తి చేయడం వంటి సందర్భాల నాణేలు ఉన్నాయి. అమెరికన్ వైమానిక దళంలో టెక్సాస్‌లోని లాక్‌లాండ్ స్థావరంలో ప్రాథమిక శిక్షణ ముగిసినప్పుడు ఇచ్చే ఎయిర్‌మన్ కాయిన్ ఈ చివరి రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. అది అందుకున్న క్షణం నుంచే శిక్షణార్థిని ఎయిర్‌మన్ అని పిలుస్తారు.

అధ్యక్షుల నాణేల్లో అధికారికానికీ వ్యక్తిగతానికీ మధ్య గీత ఎంత పలచనైనదో కనిపిస్తుంది. బిల్ క్లింటన్ తనకు సైనికులు ఇచ్చిన నాణేలను ఓవల్ ఆఫీసులో తన బల్ల వెనుక అరల్లో వరుసగా పేర్చి ఉంచారు. శ్వేతసౌధంలోని ఆయన అధికారిక చిత్రపటంలో కూడా అవి కనిపిస్తాయి. 2009 నవంబరులో ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో జరిగిన కాల్పుల మృతుల స్మారక సభలో బరాక్ ఒబామా ఒక్కొక్కరి స్మారకం దగ్గర నాణెం ఉంచారు. 2017లో వచ్చిన డొనాల్డ్ ట్రంప్ నాణెం మీద ఆయన ఎన్నికల నినాదం చేరింది, అధ్యక్ష ముద్ర స్థానంలో వేరే గద్ద బొమ్మ వచ్చింది. ఈ మూడింటినీ అధ్యక్ష నాణేలు అని ఒకే గడిలో వేయడం తేలిక. అయితే మొదటివి అధ్యక్షుడు అందుకున్నవి, రెండోవి ఇచ్చినవి, మూడోది పదవినీ ఎన్నికల నినాదాన్నీ కలిపినది. సూచీలో మూడింటికీ వేరు వేరు గుర్తు ఉండాలి.

పౌర రంగంలో పోలీసులు, అగ్నిమాపక దళాలు, అత్యవసర వైద్య సేవలు మొదట ఈ అలవాటు అందుకున్నాయి. వీటిలో మాజీ సైనికులు ఎక్కువగా చేరడం అందుకు సహజమైన దారి. తర్వాత గూఢచార సంస్థలు, విశ్వవిద్యాలయాలు, వ్యాపార సంస్థలు వచ్చాయి. సైబర్ భద్రతలో శిక్షణ ఇచ్చే సాన్స్ సంస్థ తన తరగతుల చివర జరిగే పోటీలో గెలిచినవారికి కోర్సుకు ప్రత్యేకమైన నాణెం ఇస్తుంది. ఇక్కడ బార్ సవాలు పూర్తిగా పోయి, నెగ్గిన సాంకేతిక పోటీయే సవాలు అయింది. అమెరికాలోనో హైదరాబాదులోనో ఐటీ ఉద్యోగం చేసే తెలుగువారికి ఛాలెంజ్ కాయిన్ ఎదురయ్యే అవకాశం ఎక్కువగా ఈ దారిలోనే ఉంది. భారత సైన్యంలో, నౌకాదళంలో అతిథికి చెక్క పలక మీద అమర్చిన దళ చిహ్నాన్ని ఇవ్వడం పాత మర్యాద. అమెరికన్ల చేతి నాణెం భారత సైనికుల చేతికి వచ్చే సందర్భాలు ఉమ్మడి విన్యాసాలతో పెరిగాయి. 2019 నవంబరులో విశాఖపట్నం, కాకినాడల దగ్గర త్రివిధ దళాలతో జరిగిన టైగర్ ట్రయంఫ్ అటువంటి వేదిక.

తయారీ, భౌతిక లక్షణాలు

రెండు పద్ధతులు ముఖ్యం. ఇత్తడి, రాగి, కంచు వంటి లోహాల బిళ్ళను ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒత్తిడితో ముద్రించడం ఒకటి, కరిగించిన జింకు మిశ్రమాన్ని అచ్చులో పోయడం మరొకటి. ముద్రించిన నాణెంలో సన్నని గీతలు పదునుగా వస్తాయి. పోత నాణెంలో ఎత్తుపల్లాలు, మధ్యలో ఖాళీలు, గుండ్రం కాని ఆకారాలు సులభం, ఖర్చు తక్కువ. రెండింటినీ వేరు చేయడానికి తూకం మంచి సాధనం. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు, జింకు మిశ్రమానిది 6.7 దగ్గర. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న చదునైన బిళ్ళ ఇత్తడిదైతే దాదాపు 39 గ్రాములు, జింకుదైతే 31 గ్రాములు తూగుతుంది. ఉబ్బెత్తు బొమ్మల వల్ల అసలు నాణెం బరువు ఇంతకంటే తగ్గుతుంది గానీ తేడా మాత్రం చేతికే తెలుస్తుంది.

రంగులకు ఎనామెల్ వాడతారు. మెత్తని ఎనామెల్‌లో రంగు లోహపు గీతల కంటే లోతుగా ఉంటుంది, వేలితో తడిమితే అంచులు తగులుతాయి. గట్టి ఎనామెల్‌ను లోహంతో సమానంగా సానపడతారు. కొన్నిటి మీద పారదర్శకమైన ఎపాక్సీ పొర పోస్తారు. అది ఏళ్ళు గడిచేకొద్దీ పసుపుబారుతుంది, కాబట్టి నాణెం వయసుకు అదొక సూచన. పైపూత బంగారు, వెండి, నికెల్ రంగుల్లో మెరిసేదిగానో, పల్లాల్లో నలుపు మిగిల్చి పాతదనం చూపేదిగానో ఉంటుంది. అంచు నునుపుగా, నిలువు గాట్లతో, తాడు మెలికలా, ఏటవాలు కోతలతో అనేక రకాలుగా వస్తుంది. సేకరణకర్తలు తరచు నిర్లక్ష్యం చేసేది ఈ అంచునే. ఒకే బొమ్మను రెండోసారి ఆర్డరు ఇచ్చినప్పుడు తయారీదారు మారితే ముందుగా మారేది అంచు, మందం, రంగు ఛాయ.

సూచీకరణ: పద్ధతి, దాని ఆధారం

నాణేలకూ పతకాలకూ ఉన్న మంచి కేటలాగులు ఎందుకు మంచివో చూస్తే ఛాలెంజ్ కాయిన్ల చిక్కు అర్థమవుతుంది. అమెరికన్ టంకశాల మొదటి శతాబ్దపు పతకాల మీద ఆర్.డబ్ల్యు. జూలియన్ 1977లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ ప్రామాణికమే, ఎందుకంటే ఏ పతకాన్ని ఎన్ని, ఎప్పుడు, ఎవరి కోసం ముద్రించారో టంకశాల దస్తావేజుల్లో ఉంది. అక్కడ ఒకే తయారీదారు, ఒకే దస్తావేజుల గది. ఛాలెంజ్ కాయిన్లను అమెరికా, చైనా, తైవాన్‌లలో లెక్కలేనన్ని సంస్థలు తయారుచేస్తాయి. వాటి ఆర్డరు పుస్తకాలు ఎవరికీ అందుబాటులో ఉండవు. అందువల్ల టంకశాలను బట్టి, దేశాన్ని బట్టి, విలువను బట్టి పేర్చే మామూలు నాణేల కేటలాగు నమూనా ఇక్కడ నిలవదు.

పోల్చడానికి తగిన వస్తువు ఇంకొకటి ఉంది. అపోలో 7 నుంచి అమెరికన్ వ్యోమగాములు మసాచుసెట్స్‌లోని రాబిన్స్ కంపెనీ చేత వెండి పతకాలు చేయించుకున్నారు. ప్రతి పతకానికీ వరుస సంఖ్య ఉంటుంది. వాటిలో ఏవి అంతరిక్షానికి వెళ్ళి వచ్చాయో, ఏవి నేల మీదే ఉండిపోయాయో ఆ సంఖ్యల ద్వారా చెప్పవచ్చు. వెళ్ళిన పతకానికీ వెళ్ళనిదానికీ లోహంలో తేడా లేదు, ధరలోనూ చారిత్రక విలువలోనూ ఎంతో తేడా ఉంది. ఆ తేడాను నిలబెట్టినది సంఖ్య, దానికి తోడున్న జాబితా. ఛాలెంజ్ కాయిన్లలో ఎక్కువ వాటికి ఆ రెండూ లేవు. కాబట్టి సేకరణకర్త తన సేకరణకు ఆ పని తానే చేయాలి.

ఆచరణలో దీనికి రెండు అంచెల నమోదు తగినది. మొదటి అంచె రకం: జారీ చేసిన దళం లేదా పదవి, రెండువైపుల బొమ్మల వివరణ, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, వ్యాసం, మందం, బరువు, లోహం, తయారీ పద్ధతి, పూత, ఎనామెల్, అంచు. రెండో అంచె ఒక్కొక్క నాణెం: వరుస సంఖ్య ఉంటే అది, చేతికి వచ్చిన దారి, ఇచ్చిన సందర్భం, ఆ సందర్భానికి ఉన్న ఆధారం. ఆధారానికి స్థాయి రాయడమే ఈ పద్ధతికి ప్రాణం. అందుకున్న వ్యక్తి చెప్పి, దానితో పాటు ఉత్తరమో ఫోటోనో ఉంటే మొదటి స్థాయి. అందుకున్న వ్యక్తి మాట మాత్రమే ఉంటే రెండోది. మధ్యలో చేతులు మారి విన్న మాటైతే మూడోది. కొన్న నాణెం మీద అమ్మకందారు చెప్పిన కథ ఏదైనా నాలుగోదే. ఈ నాలుగింటినీ ఒకే వాక్యంలో కలిపి రాసిన కేటలాగు చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

రకాన్ని గుర్తించేటప్పుడు దళ చిహ్నమే మొదటి తాళంచెవి. అమెరికన్ సైన్యపు చిహ్నాలను 1960లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరాల్డ్రీ ఆమోదిస్తుంది, వాటి వివరణలు నిలవ చేస్తుంది. అయితే చిహ్నం రెజిమెంట్‌ది. ఆ రెజిమెంట్‌లోని బెటాలియన్లు వేరు వేరు బ్రిగేడ్లలో, వేరు వేరు స్థావరాల్లో పనిచేస్తూ ఉండవచ్చు. చిహ్నం చూసి రెజిమెంట్ పేరు రాసి ఆగిపోతే నాణెం ఎవరిదో సగమే తెలిసినట్టు. మిగతా సగం వెనుకవైపు అక్షరాల్లో, స్థావరం పేరులో, సైనిక చర్య పేరులో వెతకాలి.

కాలనిర్ణయం

ఎక్కువ ఛాలెంజ్ కాయిన్ల మీద సంవత్సరం ఉండదు. పేర్లే తేదీలుగా పనిచేస్తాయి. అమెరికన్ వైమానిక దళంలోని స్ట్రాటజిక్ ఎయిర్ కమాండ్ 1992 జూన్ 1న రద్దయింది, కాబట్టి ఆ పేరు ఉన్న నాణెం అప్పటికి ముందుదో, లేక తర్వాత స్మారకంగా చేసిందో అయి ఉండాలి. ఇరాక్ యుద్ధానికి పెట్టిన ఇరాకీ ఫ్రీడమ్ అన్న పేరు 2010 సెప్టెంబరు 1 నుంచి న్యూ డాన్‌గా మారింది. అమెరికన్ స్పేస్ ఫోర్స్ 2019 డిసెంబరు 20న ఏర్పడింది, దాని పేరుతో అంతకుముందు నాటి అధికారిక నాణెం ఉండటానికి వీల్లేదు. సంయుక్త దళాధిపతుల అధ్యక్షుడి నాణెం మీద వరుస సంఖ్య ఉంటే అదే తేదీ: 18వ అధ్యక్షుడు మార్టిన్ డెంప్సీ 2011 నుంచి 2015 దాకా, 19వ అధ్యక్షుడు జోసెఫ్ డన్‌ఫర్డ్ 2015 నుంచి 2019 దాకా పదవిలో ఉన్నారు.

అయితే సందర్భం తేదీ, తయారీ తేదీ ఒకటి కావు. అమెరికా, ఉత్తర కొరియా నేతల సింగపూర్ భేటీ కోసం శ్వేతసౌధ కమ్యూనికేషన్స్ ఏజెన్సీ చేయించిన నాణెం దీనికి చక్కని పాఠం. ఇద్దరు నేతలూ ఎదురెదురుగా ఉన్న ఆ నాణెం 2018 మేలో బయటికొచ్చింది. మే 24న భేటీ రద్దయిందని ప్రకటించారు, మళ్ళీ నిర్ణయం మారి జూన్ 12న జరిగింది. రద్దు నిలిచి ఉంటే, జరగని సమావేశపు నాణెం మిగిలేది. దానికి తోడు శ్వేతసౌధం గిఫ్ట్ షాప్ అనే ప్రైవేటు దుకాణం అదే భేటీ మీద తన సొంత నాణేన్ని అమ్మకానికి పెట్టింది. పేరు చూసి చాలామంది రెండింటినీ ఒకటే అనుకున్నారు. సూచీలో తయారీ, సందర్భం, ప్రదానం అనే మూడు తేదీలకు మూడు గడులు విడిగా ఉండాలనడానికి, జారీ చేసినవారి గడి ఖాళీగా వదలకూడదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అభ్యంతరాలు

ఇంత శ్రమకు ఈ వస్తువులు తగవన్నది మొదటి అభ్యంతరం. ఆర్డరు ఇచ్చి చేయించే కొద్ది డాలర్ల బిళ్ళలు, వేలకు వేలు వస్తున్నాయి, అన్నిటినీ ఎవరు రాస్తారు అని. ఇదే మాట 17వ శతాబ్దపు ఇంగ్లండు వర్తకుల టోకెన్ల గురించీ అనవచ్చు. 1648 నుంచి 1672 దాకా చిల్లర కరువై ఊరూరా దుకాణదారులూ సత్రాల యజమానులూ తమ పేరుతో రాగి, ఇత్తడి బిళ్ళలు వేయించుకున్నారు. అవీ చౌకవే, ప్రైవేటువే, వేల సంఖ్యలోనివే. విలియం బోయ్న్ 1858లో వాటిని కౌంటీలవారీగా, జారీ చేసినవారి పేర్లవారీగా పేర్చి పుస్తకం చేశారు, తర్వాతివారు దాన్ని పెంచారు. చిన్న ఊళ్ళ వర్తకుల గురించి తెలుసుకోవడానికి స్థానిక చరిత్రకారులు ఇప్పుడు వాటిని సాక్ష్యంగా వాడతారు. కేటలాగుకు సంపూర్ణత కావాలన్న షరతు పెడితే బోయ్న్ పుస్తకం వచ్చేదే కాదు. కొన్ని నెలల కోసం ఏర్పడి రద్దయ్యే టాస్క్‌ఫోర్స్ లాంటివాటి విషయంలో, ఏ దళాలు కలిసి పనిచేశాయో అందరికీ కనబడేట్టు చెప్పే వస్తువు వాటి నాణెమే కావచ్చు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. జారీ వివరాలు ఎక్కువగా నోటిమాటలు. వాటిని రాసుకుంటూ పోతే కేటలాగు కట్టుకథల పుట్ట అవుతుంది, దానికంటే కొలిచి చూడగలిగిన లోహం, బొమ్మ వివరాలకే పరిమితం కావడం మేలన్నది. ప్రమాదం నిజమే. మొదటి ప్రపంచ యుద్ధపు కథ ఎంత సులభంగా చరిత్రగా చలామణీ అయిందో పైన చూశాం. కానీ ఆ కథ తప్పుదారి పట్టించింది దాన్ని రాసినందువల్ల కాదు, ఆధారపు స్థాయి రాయకుండా రాసినందువల్ల. కొలతలకే పరిమితమైన కేటలాగు దుకాణపు నాణేన్నీ కరచాలనపు నాణేన్నీ ఒకటే అని చెప్పినట్టవుతుంది. అది తటస్థత కాదు, తప్పు సమాచారం.

మూడోది భద్రతకు సంబంధించినది. ఇప్పుడు పనిచేస్తున్న దళాల స్థావరాలు, సభ్యుల పేర్లు, పరికరాల బొమ్మలు నాణేల మీద ఉండవచ్చు. అందుకున్నవారి పేర్లు ప్రచురిస్తే వారికి హాని కావచ్చు. దీనికి జవాబు నమోదు మానేయడంలో లేదు, ప్రచురణను విభజించడంలో ఉంది. రకం వివరాలు బహిరంగంగా, వ్యక్తుల వివరాలు సేకరణకర్త దగ్గర మూసిన ఫైల్లో ఉంచి, పైకి హోదా మాత్రమే రాస్తే సరిపోతుంది.

అనధికార నాణేలు, నకళ్ళు, చట్టం

ఎవరైనా ఏ చిహ్నంతోనైనా నాణెం ఆర్డరు ఇవ్వగలరు. ప్రసిద్ధ ప్రత్యేక దళాల పేర్లతో ఆ దళాలు ఎన్నడూ ఇవ్వని నాణేలు మార్కెట్లో విరివిగా ఉన్నాయి. సంస్థలోని ఉద్యోగులే పైవారి అనుమతి లేకుండా చేయించుకున్నవి వేరే కోవ. అమెరికా సరిహద్దు గస్తీ దళంలో వలసదారులను ఎగతాళి చేస్తూ చేయించుకున్న నాణెం 2019లో బయటపడింది. హైతీ వలసదారులను గుర్రం మీద అడ్డుకుంటున్న దృశ్యంతో చేసిన మరో నాణెం మీద 2022లో విచారణ మొదలైంది. రెండూ శాఖ ఆమోదం లేనివే. వీటిని దుష్టమైనవని సూచీ నుంచి తీసేయకూడదు. సంస్థ అధికారికంగా చెప్పుకునే విలువలకూ లోపలి వాతావరణానికీ మధ్య దూరాన్ని కొలవడానికి చరిత్రకారుడికి మిగిలే సాక్ష్యాల్లో ఇవీ ఉంటాయి. చేయవలసింది జారీ గడిలో అనధికారం అని స్పష్టంగా రాయడం.

అమెరికాలో మెడల్ ఆఫ్ ఆనర్‌ను కొనడం, అమ్మడం ఫెడరల్ చట్టం కింద నేరం. ఛాలెంజ్ కాయిన్లకు అలాంటి నిషేధం లేదు, వాటిని స్వేచ్ఛగా కొని అమ్మవచ్చు. ప్రభుత్వ నిధులతో కొన్న నాణేలను ప్రతిభకు గుర్తింపుగానే ఇవ్వాలని, అతిథులకు జ్ఞాపికగా ఇచ్చేవి వేరే పద్దు నుంచో సొంత డబ్బుతోనో కొనాలని నియమాలున్నాయి. దీనివల్ల ఒకే అధికారి దగ్గర దాదాపు ఒకేలా కనబడే రెండు రకాల నాణేలు ఉండటం మామూలు. చూసేవారు దాన్ని అచ్చు తేడా అనుకుంటారు. అసలు కారణం పద్దు తేడా.

భద్రపరచడం

మెత్తటి పీవీసీ సంచులు మానాలి. అవి కాలం గడిచేకొద్దీ ఆమ్ల గుణం ఉన్న పదార్థాలు విడిచి రాగి, ఇత్తడి మీద పచ్చని చిలుము తెస్తాయి. పాలియెస్టర్ కవర్లు, ఆమ్లరహిత కాగితం క్షేమం. ఓక్ చెక్క పెట్టెలు కూడా ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. చింతపండుతోనో మెరుగు పొడితోనో తోమితే పాతదనం చూపే నల్లని పూత పోతుంది, అది మళ్ళీ రాదు. జేబులో ఏళ్ళు తిరిగిన నాణెం అరుగుదల లోపం కాదు, సవాలు సంప్రదాయం నిజంగా నడిచిందనడానికి సాక్ష్యం. దాన్ని కేటలాగులో వర్ణించాలి.

సంస్థల సేకరణలు, అచ్చుల భాండారాలు

ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌లో ఉన్న క్లింటన్ గ్రంథాలయంలో ఆయన నాణేల అరలు ప్రదర్శనలో ఉన్నాయి. టోకెన్లు, పతకాల అధ్యయనానికి 1960లో ఏర్పడిన టోకెన్ అండ్ మెడల్ సొసైటీ వంటి సంఘాలు ఈ రంగానికి దగ్గరి బంధువులు. అయితే సూచీకరణకు ఎక్కువ మేలు చేయగలిగినవి తయారీదారుల దస్తావేజులు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఛాలెంజ్ కాయిన్లను పెద్ద ఎత్తున తయారుచేసిన నార్త్‌వెస్ట్ టెరిటోరియల్ మింట్ 2016లో దివాలా తీసింది. దాని చేతికి అంతకుముందే వచ్చిన మెడాలిక్ ఆర్ట్ కంపెనీ అచ్చులు, నమూనాలు, దస్తావేజులు 2018లో న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీకి చేరాయి. పులిట్జర్ పతకాలు చేసిన ఆ పాత సంస్థ ఉక్కు అచ్చులు, ప్లాస్టర్ నమూనాలు చేతికి దొరికే వస్తువులు కాబట్టి దివాలా తర్వాత కూడా ఒకచోటికి చేరగలిగాయి. ఇప్పటి ఛాలెంజ్ కాయిన్‌కు అసలు నమూనా తయారీదారు కంప్యూటర్లోని ఫైలు. కంపెనీ మూతపడితే అది పోతుంది. నాణెం చేయించిన దళమో, శాఖో ఆ డిజైను ఫైలు నకలునూ, ఎన్ని చేయించారో తెలిపే బిల్లునూ తన చరిత్ర ఫైల్లో పెట్టుకుంటే రకం అంచెలోని సమాచారం చాలావరకు మొదటి స్థాయి ఆధారంతో నిండుతుంది. ఒక్కొక్క నాణెం ఎవరికి వెళ్ళిందన్న రెండో అంచెకు మాత్రం అందుకున్నవారు జ్ఞాపకంతో ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి.